కొండను తవ్వి పట్టిన పచ్చ ఎలుక

'చీకట్లో వెలిగే ఎలుక' వీడియో మీకూ ఎవరో ఒకరు పంపే ఉంటారు. నల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద రేడియం స్టిక్కర్ అంటించినట్టు పచ్చగా మెరిసే చెవులు, పాదాలు, తోక. కింద కామెంట్లు చూస్తే రెండే పార్టీలు. ఒకరు "వావ్, సైన్స్!" అంటారు. ఇంకొకరు "ప్రకృతితో ఆటలొద్దు" అంటారు. ఈ రెండు పార్టీలతోనూ నాకు పేచీ ఉంది, ఎందుకంటే ఇద్దరూ ఆ ఎలుకను ఒక బల్బులాగే చూస్తున్నారు. కానీ నేను ఇది రాయడానికి అసలు కారణం మూడో పార్టీ. అది మనమే, కంప్యూటర్ సైన్స్ వాళ్ళం. ఇలాంటి ఎలుకల కణాల ఫొటోలు గంపలకొద్దీ డౌన్‌లోడ్ చేసుకుని, పచ్చగా ఉన్న పిక్సెల్స్‌కి 'గ్రౌండ్ ట్రూత్' అని పేరు పెట్టి, మోడల్ ట్రైన్ చేసి, యాక్యురసీని స్లయిడ్ మీద పెద్ద అక్షరాల్లో వేసుకుంటున్నాం. ఆ పచ్చదనం ఎలా వస్తుందో, ఎక్కడ రాదో తెలియకుండా దాన్ని 'ట్రూత్' అనే హక్కు మనకు లేదని నా వాదన.

ముందే చెప్పేస్తున్నా, నేను ఇంటర్‌లో ఎంపీసీ. పదో తరగతి పబ్లిక్ రాసిన రోజే బయాలజీకి దండం పెట్టేశాను. చదువంతా ఇంగ్లీష్ మీడియం. ఫ్లోరసెన్స్‌కి తెలుగులో 'ప్రతిదీప్తి' అనే మాట ఉందని దీనికోసం వెతికితేనే తెలిసింది. ఇంగ్లీష్ మాట కన్నా ఇదే బాగుంది, విషయం అందులోనే ఉంది. ఒక వెలుగు వచ్చి పడాలి, దానికి బదులుగా ఇంకో వెలుగు వెళ్ళాలి. అంటే నిజంగా చీకటి గదిలో పెడితే ఆ ఎలుక అస్సలు కనబడదు. దాని మీద నీలం లైటు వేయాలి. ఒంట్లోని ప్రోటీన్ ఆ నీలాన్ని మింగి, కాస్త శక్తి పోగొట్టుకుని, మిగిలినదాన్ని ఆకుపచ్చగా వదులుతుంది. కెమెరా ముందు ఒక ఫిల్టర్ పెట్టి నీలాన్ని ఆపేస్తే మనకు పచ్చ ఒక్కటే మిగులుతుంది. ఫ్రెషర్స్ పార్టీలో డీజే లైటు కింద తెల్ల చొక్కాలు మెరవడం చూశారు కదా, అదే సూత్రం. మిణుగురు సంగతి వేరు. అది కెమిస్ట్రీతో తన వెలుగు తనే పుట్టించుకుంటుంది, దానికి బయటి లైటు అక్కర్లేదు.

ఇంకో చిన్న సవరణ. ల్యాబులో ఉండేది మన వంటింట్లో బియ్యం బస్తా కొరికే పెద్ద ఎలుక కాదు, చిట్టెలుక. అరచేతిలో పట్టేంత. వాడుకలో ఎలుక అనే అంటాం కాబట్టి నేనూ అలాగే అంటాను.

ఇక ఆ పచ్చ ఎక్కడిది? ఒసాము షిమోమురా అనే జపాన్ శాస్త్రవేత్త 1961 వేసవిలో అమెరికా పడమటి తీరాన ఫ్రైడే హార్బర్ అనే చోట జెల్లీఫిష్‌లు పడుతూ కూర్చున్నాడు. అంచుల్లో వెలుగు వచ్చే జాతి అది. ఆ వెలుగుకి కారణమైన పదార్థాన్ని బయటికి తీయాలని ఆయన పట్టుదల. ఒకరోజు ఒక సారం పనికిరాదనుకుని సింకులో పారబోస్తే, సింకు లోపలంతా నీలంగా భగ్గుమంది. ఆ సింకులోకే అక్వేరియం నుంచి సముద్రపు నీళ్ళు పారుతున్నాయి. నీళ్ళలోని కాల్షియమే స్విచ్ అని అర్థమైంది. అలా దొరికిన నీలి ప్రోటీన్‌ను శుద్ధి చేస్తుంటే పక్కన బై-ప్రొడక్ట్‌లా ఇంకో ప్రోటీన్ తగిలింది, పచ్చటిది. 1962 పేపర్లో దాని గురించి ఏదో చెప్పాలి కాబట్టి చెప్పినట్టు కొంచెమే రాశారు. మనం ఇప్పుడు జీఎఫ్‌పీ అంటున్నది దాన్నే, గ్రీన్ ఫ్లోరసెంట్ ప్రోటీన్. తర్వాత ఏళ్ళ తరబడి ఆయన కుటుంబంతో సహా వెళ్ళి పట్టిన జెల్లీఫిష్‌లు మొత్తం 8.5 లక్షల వరకు ఉంటాయంటారు. దీనివల్ల లాభమేంటని అప్పుడు ఎవరైనా అడిగి ఉంటే ఆయన దగ్గర జవాబు ఉండేది కాదు. కొండను తవ్వి ఎలుకను పట్టారని మనవాళ్ళు వెక్కిరించడానికి వాడతారు. ఇక్కడ మాత్రం సముద్రాన్ని తోడితే ముప్పయ్యేళ్ళ తర్వాత నిజంగానే ఎలుక బయటపడింది.

ఆ ముప్పయ్యేళ్ళ చివర్లో డగ్లస్ ప్రాషర్ వస్తాడు. 1992లో ఈ ప్రోటీన్ తాలూకు జీన్‌ను విడదీసి ప్రచురించింది ఆయనే. తర్వాత గ్రాంటు అయిపోయింది, కొత్తది రాలేదు. తన దగ్గరున్న జీన్‌ను అడిగిన ఇద్దరికి పంపేసి ఆ పని నుంచి తప్పుకున్నాడు. ఆ ఇద్దరిలో మార్టిన్ చాల్ఫీ 1994లో దాన్ని బ్యాక్టీరియాలో, ఒక చిన్న పురుగులో వెలిగించాడు. రెండో ఆయన రోజర్ చెన్, 1995లో ఆ ప్రోటీన్‌లో 65వ స్థానంలో ఉన్న ఒక్క అమైనో ఆమ్లాన్ని మార్చి ఇంకా బాగా మెరిసేలా చేశాడు, తర్వాత వేరే రంగులూ తీశాడు. 2008లో కెమిస్ట్రీ నోబెల్ షిమోమురా, చాల్ఫీ, చెన్‌లకు వచ్చింది. ఆ రోజుకి ప్రాషర్ అలబామాలో ఒక కార్ల షోరూమ్‌లో కస్టమర్లను దింపే వ్యాన్ నడుపుతున్నాడు. చాల్ఫీ, చెన్ తమ ఖర్చులతో ఆయన్ని స్టాక్‌హోమ్ తీసుకెళ్ళారు. కొన్నేళ్ళకు ఆయన మళ్ళీ సైన్స్‌లోకి, చెన్ ల్యాబులోకే వచ్చాడు. ఓపెన్ సోర్స్ గురించి గంటలు మాట్లాడే మన సీనియర్లు ఈ మనిషి పేరు ఒక్కసారైనా గుర్తు చేసుకోవాలని నా కోరిక.

ఇప్పుడు మన భాషలోకి వద్దాం. కోడ్ ఎక్కడ ఆగిపోతోందో తెలియకపోతే మనం ఏం చేస్తాం? మధ్యలో ప్రింట్ స్టేట్‌మెంట్ పెడతాం. 'ఇక్కడిదాకా వచ్చింది' అని స్క్రీన్ మీద పడితే ఆ లైను నడిచినట్టు. జీఎఫ్‌పీ అదే. మనకు ఆసక్తి ఉన్న జీన్ ముందు ఉండే 'ప్రమోటర్' అనే డీఎన్ఏ ముక్కను తెచ్చి దాని వెనక జీఎఫ్‌పీ కోడ్ అతికిస్తారు. ఏ కణంలో ఆ ప్రమోటర్ ఆన్ అవుతుందో ఆ కణం పచ్చగా కనిపిస్తుంది. దీని గొప్పతనం ఏంటంటే డిపెండెన్సీలు లేవు. 238 అమైనో ఆమ్లాల గొలుసు తనంతట తనే మడత పడి, మధ్యలో మూడు అమైనో ఆమ్లాలు కలిసి రంగునిచ్చే భాగంగా మారతాయి. కావాల్సింది ఆక్సిజన్ ఒక్కటే. జెల్లీఫిష్ నుంచి ఇంకే ముక్కా తెచ్చుకోనక్కర్లేదు. అందుకే పురుగులో పనిచేసింది, ఎలుకలోనూ పనిచేసింది.

1997లో ఒసాకా యూనివర్సిటీలో మసారు ఒకాబే బృందం ఒళ్ళంతా పచ్చగా ఉండే ఎలుకలను తయారు చేసింది. వీడియోల్లో తిరిగే ఎలుకల్లో చాలావాటికి ఇవి తాతముత్తాతల్లాంటివి. వాటికి వాడిన ప్రమోటర్ చూస్తే మన అసైన్‌మెంట్లు గుర్తొస్తాయి: కోడి జీన్ నుంచి ఒక ముక్క, కుందేలు జీన్ నుంచి ఒక ముక్క, వైరస్ నుంచి ఒక ముక్క, వాటి వెనక జెల్లీఫిష్ కోడ్, మొత్తం తీసుకెళ్ళి ఎలుక పిండంలో పేస్ట్. ఆ కోడి జీన్ దాదాపు అన్ని కణాల్లోనూ పనిచేసే రకం కాబట్టి గుండె, కాలేయం, కండరం, చర్మం, మెదడు అన్నీ పచ్చబడ్డాయి. పేపర్లో ఒక మినహాయింపు రాశారు: ఎర్ర రక్తకణాలు, వెంట్రుకలు తప్ప.

నన్ను పట్టుకున్నది ఆ మినహాయింపే. కారణం ఊహించడం కష్టమేం కాదు. ఎర్ర రక్తకణం పెద్దయ్యేసరికి తన న్యూక్లియస్‌ను వదిలేసుకుంటుంది. కొత్తగా చదవడానికి కోడ్ ఉండదు, పైగా లోపలంతా వెలుగును మింగే హీమోగ్లోబిన్. బయటికి కనిపించే వెంట్రుక సరేసరి, చచ్చిన కణాల పోగు. అందుకే ఈ ఎలుకల్లో పుట్టిన పిల్లల్ని బొచ్చు రాకముందు నీలం లైటు కింద పెడితే ఎవరు పచ్చ, ఎవరు కాదు అని చూపుతోనే వేరు చేయొచ్చు. బొచ్చు వచ్చాక చెవులు, పాదాలు, తోక మాత్రమే మెరుస్తాయి. వీడియో చూసి 'ఎలుక ఒళ్ళు సగమే వెలుగుతోంది' అనుకునేవాళ్ళు బొచ్చు కింద చర్మం సంగతి మర్చిపోతారు. పచ్చ కనబడకపోతే అక్కడ ఆ జీన్ లేదని అర్థం కాదు. చదివేవాళ్ళు లేకపోవచ్చు, వెలుగు బయటికి రాకపోవచ్చు. ప్రింట్ పడలేదంటే ఆ ఫంక్షన్ నడవలేదని కాదు, అవుట్‌పుట్ ఎక్కడో ఆగిపోయి ఉండొచ్చు అని మనకు మొదటి సెమిస్టర్లోనే తెలుసు కదా.

ఇక్కడితో మన పోలిక బాగానే నడిచింది. 'డీఎన్ఏ అంటే కోడ్' అని మనవాళ్ళు కాలర్ ఎగరేసి చెప్పే మాట విరిగిపోయేది దీని తర్వాత. సెయింట్ లూయిస్‌లో జెఫ్ లిక్ట్‌మన్, జాషువా సేన్స్ బృందం నరాల కణాలు మాత్రమే రంగు పట్టేలా థై1 అనే జీన్ ప్రమోటర్‌ను వాడి 2000లో ఒక పేపర్ వేసింది. ప్రమోటర్ ఒకటే. వెనక పెట్టింది పచ్చ, పసుపు లాంటి ఒకే కుటుంబపు ప్రోటీన్లు. అలా 25 ఎలుక వంశాలు తయారయ్యాయి, ఏ రెండూ ఒకలా లేవు. ఒక వంశంలో మోటార్ న్యూరాన్లన్నీ రంగు పట్టాయి. ఇంకో దాంట్లో మెదడు పై పొరలో అక్కడొకటి ఇక్కడొకటి, చీకటి ఊళ్ళో దూరదూరంగా దీపాలు పెట్టినట్టు. ఒకే ఫైల్‌ను 25 సార్లు రన్ చేస్తే 25 అవుట్‌పుట్‌లు వస్తే మనం లాప్‌టాప్‌ని సర్వీస్ సెంటర్‌కి పట్టుకెళ్తాం.

దీనికి కారణం ఆ కోడ్ ఎక్కడ పడిందన్నది. ఫలదీకరణ చెందిన అండంలోకి సూదితో డీఎన్ఏని పంపితే అది క్రోమోజోముల్లో ఎక్కడ అతుక్కుంటుందో ఎవరి చేతిలోనూ ఉండదు. ఎన్ని కాపీలు అతుక్కుంటాయో కూడా. చుట్టుపక్కల డీఎన్ఏ తెరిచి ఉంటే చదువుతారు, గట్టిగా చుట్టి ఉంటే చదవరు. కొన్నిసార్లు అది వెళ్ళి ఇంకో జీన్ మధ్యలో కూర్చుని దాన్నే పాడుచేస్తుంది. ఇల్లు ఎంత బాగా కట్టినా పక్కిళ్ళ వాళ్ళను బట్టి కాపురం ఉంటుందని మా అమ్మమ్మ అంటుంది, జీన్‌కీ అంతే. ఈ తలనొప్పి తగ్గించడానికే తర్వాత చాలామంది రోసా26 అనే ఒక నిర్ణీత చోట కోడ్ పెట్టడం మొదలుపెట్టారు. అక్కడ దాదాపు అన్ని కణాల్లోనూ తలుపు తెరిచే ఉంటుంది.

విచిత్రం ఏంటంటే, 25 రకాలుగా రావడం ఆ శాస్త్రవేత్తలకు వరమైంది. అన్ని న్యూరాన్లూ పచ్చబడితే పచ్చటి ముద్ద తప్ప ఏమీ కనబడదు. కొన్నే వెలిగితేనే ఒక్కో న్యూరాన్ కొమ్మలు విడిగా తెలుస్తాయి. అదే లిక్ట్‌మన్, సేన్స్‌ల ల్యాబుల నుంచి 2007లో 'బ్రెయిన్‌బో' వచ్చింది. ఒక్కో న్యూరాన్‌లో మూడు నాలుగు రంగుల ప్రోటీన్లు యాదృచ్ఛికంగా కలిసి సుమారు 90 షేడ్లు వచ్చాయి. సంక్రాంతి ముగ్గులా ఉంటుంది ఆ ఫొటో, నేనైతే చాలా రోజులు వాల్‌పేపర్‌గా పెట్టుకున్నాను. కానీ ఇలాంటి ఎలుకలో వెలగని న్యూరాన్ల సంఖ్య వెలిగేవాటి కన్నా చాలా ఎక్కువ ఉండొచ్చు. అలాంటి ఎలుక నుంచి వచ్చిన ఫొటోలో మీ మోడల్ 'న్యూరాన్లు ఎన్ని' అని లెక్కపెడితే, అది లెక్కపెట్టింది న్యూరాన్లను కాదు, లాటరీ తగిలిన న్యూరాన్లను.

కాలం సంగతి ఇంకా చిక్కు. జీఎఫ్‌పీ గట్టి ప్రోటీన్, కణంలో ఒక రోజు పైనే నిలబడుతుంది. జీన్ ఆగిపోయినా పచ్చ వెంటనే పోదు. పైగా ఇప్పుడు ఎక్కువగా వాడేది క్రీ అనే ఎంజైమ్ పద్ధతి. రంగు జీన్ ముందు ఒక అడ్డు పెడతారు, దానికి రెండువైపులా కత్తిరింపు గుర్తులు ఉంటాయి. కణంలో మనకు కావాల్సిన జీన్ ఆన్ అయినప్పుడు క్రీ పుట్టి ఆ అడ్డును శాశ్వతంగా కోసేస్తుంది. అప్పటినుంచి ఆ కణం, దాని పిల్లలు, మనవలు అందరూ రంగులోనే ఉంటారు. అంటే ఆ పచ్చ 'ఈ జీన్ ఇప్పుడు ఆన్‌లో ఉంది' అని చెప్పడం లేదు. 'ఈ కణంలోనో దీని పూర్వీకుల్లోనో ఎప్పుడో ఒకసారి ఆన్ అయింది' అంటోంది. లాగ్ ఫైల్‌కీ లైవ్ స్టేటస్‌కీ తేడా తెలియనివాళ్ళు మన డిపార్ట్‌మెంట్లో ఎవరూ ఉండరు. అయినా ఫొటో చూడగానే ఆ తేడా మర్చిపోతాం. రెండు పద్ధతుల ఫొటోలూ చూడ్డానికి ఒకలాగే ఉంటాయి మరి.

ఇదంతా అతి జాగ్రత్త అనుకునేవాళ్ళ కోసం ఒక నిజమైన గొడవ చెబుతాను. 2002 డిసెంబర్‌లో 'నేచర్' ఒకే సంచికలో రెండు పేపర్లు వేసింది. ప్రశ్న ఒకటే: పెద్దయిన మెదడులో వైరింగ్ మారుతుందా? న్యూరాన్ కొమ్మల మీద గులాబీ ముళ్ళలా చిన్న బుడిపెలుంటాయి, వాటి మీదే ఎక్కువ కనెక్షన్లు కుదురుతాయి. అవి వస్తూ పోతూ ఉంటాయా, స్థిరమా? అంతకుముందు అయితే ఎలుకను చంపి, మెదడు కోసి, ఒక్క క్షణాన్ని మాత్రమే చూడగలిగేవారు. ఇప్పుడు నేను పైన చెప్పిన థై1 వంశాల వల్ల బతికున్న ఎలుక తలలోకి అదే కొమ్మను ఈ రోజు, వచ్చే వారం, వచ్చే నెల చూడొచ్చు. న్యూయార్క్ బృందం చూసి, పెద్దయిన ఎలుకల్లో నెల రోజులకు కూడా 96 శాతం ముళ్ళు ఉన్నచోటే ఉన్నాయంది. కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ బృందం చూసి, కొన్ని నెలల పాటు నిలబడుతున్నా చెప్పుకోదగ్గ భాగం కొద్ది రోజుల్లోనే పుట్టి పోతున్నాయంది.

ఇద్దరివీ మంచి ల్యాబులు, ఎలుకలూ ఒకే కుటుంబానివి. మరి తేడా ఎక్కడ? ఒకరు చూసింది చూపుకి సంబంధించిన భాగం, ఇంకొకరు చూసింది మీసాల స్పర్శకి సంబంధించిన భాగం. ఎలుకల వయసులూ వేరు. వీటికి తోడు కిటికీ వేరు. ఒకరు పుర్రె ఎముకను కాగితంలా పలచగా అరగదీసి దాని గుండా చూశారు. ఇంకొకరు ఎముక ముక్క తీసేసి గాజు పెట్టి చూశారు. ఎముక తీసే పద్ధతే మెదడులో గాయానికి స్పందించే కణాలను రెచ్చగొట్టి ముళ్ళ రాకపోకలను పెంచుతోందని 2007లో న్యూయార్క్ బృందం ఇంకో పేపర్ వేసింది. ఆపరేషన్ జాగ్రత్తగా చేసి కొన్ని వారాలు ఆగి చూస్తే ఆ ఇబ్బంది ఉండదని అవతలివాళ్ళు. ఎవరు ఎంతవరకు రైట్ అని తేల్చే స్థాయి నాకు లేదు. నాకు కావాల్సింది ఒక్కటే: రెండువైపులా పచ్చ ముల్లు పచ్చ ముల్లే, ఎవరి ఫొటోలోనూ మోసం లేదు. ఈ రెండు చోట్ల ఫొటోలనూ ఒకే ఫోల్డర్‌లో వేసి మోడల్‌కి తినిపిస్తే అది నేర్చుకునేది మెదడు గురించా, కిటికీ గురించా?

ప్రింట్ స్టేట్‌మెంట్ పెడితేనే ప్రోగ్రామ్ ప్రవర్తన మారే దిక్కుమాలిన బగ్‌లు కొన్ని మీకు తగిలే ఉంటాయి. ఎలుకలోనూ ఉంది అది. గుండె కండరంలో జీఎఫ్‌పీ మరీ ఎక్కువగా తయారయ్యేలా చేసిన ఎలుకల్లో గుండె ఉబ్బి బలహీనపడే జబ్బు వచ్చిందని 2000లోనే 'నేచర్ మెడిసిన్'లో వచ్చింది. అన్ని పచ్చ ఎలుకలకూ ఇలా అవుతుందని కాదు, ఒకాబే ఎలుకల వారసులు హాయిగా పిల్లల్ని కంటూనే ఉన్నారు. మోతాదు, అవయవం బట్టి ఉంటుంది. కానీ గుండె జబ్బు మీద పని చేసేవాళ్ళు చూడ్డానికి పెట్టుకున్న దీపమే ఇల్లు కాల్చగలదని తెలుసుకుని ఉండాలి.

'పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుంది' అనే సామెత ఇక్కడ అక్షరాలా పనికొస్తుంది (అది పసుపే అనుకోండి, మన భాషలో పచ్చ రెండూ). జెల్లీఫిష్ జీన్ లేని మామూలు ఎలుక కణజాలం కూడా నీలం లైటు వేస్తే ఎంతోకొంత పచ్చగా బదులిస్తుంది. కణాల్లోని ఫ్లేవిన్లు, కణాల మధ్యనుండే కొలాజెన్, వయసు మీద పడేకొద్దీ న్యూరాన్లలో పేరుకునే లిపోఫసిన్ అనే చెత్త, అన్నీ. కణజాలం పాడవకుండా వాడే ఫార్మల్డిహైడ్ దాన్ని ఇంకాస్త పెంచుతుంది. తిండి సంగతి ఇంకా సరదా. ఎలుకల దాణాలో ఆల్ఫాల్ఫా అనే గడ్డి ఉంటే అందులోని క్లోరోఫిల్ వల్ల పొట్ట ఎర్రగా వెలుగుతుంది. అందుకే ఒళ్ళు మొత్తం ఫొటో తీసేవాళ్ళు ఆ గడ్డి లేని దాణా పెడతారు. ఎలుక మధ్యాహ్నం ఏం తిన్నదో మీ మోడల్ దాన్ని ట్యూమర్ అనుకోవచ్చన్నమాట.

ఏ పచ్చ అసలు, ఏ పచ్చ నకిలీ అని తేల్చేదెవరు? పచ్చ కాని తోబుట్టువు. తల్లిదండ్రుల్లో ఒకరికే, అదీ ఒక్క కాపీయే జీన్ ఉంటే, పుట్టే పిల్లల్లో సగటున సగానికి అది రాదు. అదే ఈత, అదే తల్లి, అదే దాణా, జెల్లీఫిష్ జీన్ ఒక్కటే తక్కువ. ఆ పిల్ల కణజాలాన్ని అదే లైటు, అదే కెమెరా సెట్టింగ్‌తో ఫొటో తీస్తే వచ్చే వెలుగు ఎంతో, అంతవరకు అసలు ఎలుక ఫొటోలో నమ్మకూడదు. ఈ పిల్లల్లో కొన్ని ఇలా కంట్రోల్‌గా పనికొస్తాయి. అవసరానికి మించి పుట్టినవాటిని చాలాచోట్ల చంపేస్తారు. ఇది ఏ వీడియోలోనూ ఉండదు.

ఎలుకల మీద ప్రయోగాలు ఆపేయాలని నేను అనడం లేదు. పచ్చ ఎలుక వల్ల కొన్ని చోట్ల చంపే ఎలుకల సంఖ్య తగ్గింది కూడా. ముళ్ళను నెల రోజులు చూడాలంటే ఒకప్పుడు రోజుకో గుంపును కోయాల్సింది, ఇప్పుడు అదే ఎలుకను మళ్ళీ మళ్ళీ చూస్తున్నారు. మన దేశంలో 1960 నాటి జంతు హింస నివారణ చట్టం, దాని కింద 1998లో వచ్చిన నియమాల ప్రకారం ప్రతి సంస్థలోనూ ఎథిక్స్ కమిటీ ఉండాలి, ఇన్ని ఎలుకలు ఎందుకో ముందే చెప్పి ఒప్పించాలి. హైదరాబాద్ సీసీఎంబీలో ఇలాంటి ట్రాన్స్‌జెనిక్ ఎలుకలను పెంచే విభాగం ఉంది, అక్కడా ఇదే దారి. అంటే ఫొటో తీసేవాళ్ళు ఒక్కో ఎలుకకూ సంజాయిషీ ఇచ్చుకుంటున్నారు. ఆ ఫొటో జిప్ ఫైల్‌గా మారి మన దగ్గరికి వచ్చేసరికి ఎలుక మాయమై 'శాంపిల్ 0417' మిగులుతోంది. మనం ఎవరికీ సంజాయిషీ ఇవ్వడం లేదు. తప్పుడు లేబుళ్ళతో నేర్పిన మోడల్‌ను నమ్మి ఎవరైనా ఒక ప్రయోగం మొదలుపెట్టి అది తేలిపోతే, పోయేది జీపీయూ గంటలు మాత్రమే కాదు.

మన బ్రాంచ్‌లో ఈ సెమ్ మినీ ప్రాజెక్టుల్లో కణాల సెగ్మెంటేషన్ తీసుకున్న టీమ్‌లు నాకు తెలిసి మూడున్నాయి, మాదీ ఒకటి. మా టీమ్‌లో ఈ చర్చ పెట్టాను. "బ్రో, మనం బయాలజీ వాళ్ళం కాదు, ఇచ్చిన మాస్క్‌తో ఎంత మ్యాచ్ అయిందో చెప్తే చాలు" అన్నాడు ఒకడు. వాడి మాటలో న్యాయం ఉంది. మాస్క్‌తో మ్యాచ్ అయిందని చెబితే నాకే అభ్యంతరమూ లేదు. కానీ మా స్లయిడ్ మీద అలా లేదు, 'న్యూరాన్లను గుర్తిస్తుంది' అని ఉంది. ఈ రెండు వాక్యాల మధ్య ఏ వంశం ఎలుక, ఏ ప్రమోటర్, కోడ్ యాదృచ్ఛికంగా పడిందా ఒక నిర్ణీత చోట పెట్టారా, రంగు ఇప్పటిదా ఎప్పటిదో గుర్తా, కణజాలం బతికున్నదా ఫార్మల్డిహైడ్‌లో ముంచిందా, తోబుట్టువు ఫొటో ఉందా, ఇన్ని ప్రశ్నలున్నాయి. మేం వాడుతున్న డేటాసెట్ రీడ్‌మీలో ఎలుక వంశం పేరు ఒక్కటే ఉంది. మిగతావాటికి దాని వెనకున్న పేపర్ తీసి మెథడ్స్ భాగం చదివితే ఇంకో రెండు జవాబులు దొరికాయి, గంటన్నర పట్టింది. తోబుట్టువు ఫొటోలు మాత్రం ఎక్కడా లేవు.

కాబట్టి రిపోర్టులో 'గ్రౌండ్ ట్రూత్' అన్న చోటల్లా 'పచ్చ గుర్తు ఉన్న ప్రాంతం' అని మార్చి, యాక్యురసీ టేబుల్ పక్కన ఈ ప్రశ్నలకు ఒక చిన్న టేబుల్ పెట్టి, జవాబు లేని గళ్ళను ఖాళీగానే వదిలేద్దామని చెప్పాను. ఖాళీ గళ్ళు కనిపిస్తే మార్కులు కట్ అవుతాయని ఇద్దరు భయపడుతున్నారు, ఒకడు సరే అన్నాడు. రివ్యూ వచ్చే గురువారం. మిగతా రెండు టీమ్‌ల వాళ్ళు ఇది చదువుతుంటే, మీ డేటాసెట్ తాలూకు ఎలుకది ఏ వంశమో కాస్త చూసి చెప్పండి. మాదీ మీదీ ఒకటే అయితే ఆ గంటన్నర మీకు మిగులుతుంది.